బోసి ఇసుక కాదు

మోటారు సైకిలుపై రోడ్డు వదలి ఇసుకలోనికి దిగడం యువకులకు సరదా. సరదాను తప్పుపట్టనక్కరలేదు. కాని దిగబోయే నేలను ఎవరు నమ్ముకొని ఉన్నారో ముందు తెలుసుకోవాలి.

ఒడిశా గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రంలో కలిసే తావునే చూడండి. చాలా ఏండ్లలో ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకొద్దీ రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. ఒక్కొక్కటి మూరెడు లోతు గుంట తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. పైకి కనబడేది బోసి ఇసుకే!

సుమారు 50 రోజులకు పిల్లలు వెలువడి, వెలుతురు కనబడిన దిక్కుగా సముద్రానికి నడుస్తాయి. చక్రం అణచిన ఇసుకను తొలుచుకొని రావడం వాటికి కష్టం. చక్రపు గాడిలో పడితే పైకి ఎక్కలేవు. బండి దీపం వాటికి దారి తప్పిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లకు రక్షణ కల్పించింది. కాని చట్టం ప్రతి చక్రం వెంటా పరుగెత్తలేదు గదా.

కనుక బరంపురంనుండి అటు వెళ్లే మన పిల్లలకు చెప్పండి: బండిని రోడ్డుమీదనే ఆపి, దీపం ఆర్పి, అటవీ సిబ్బంది చూపిన హద్దులోపలే నడవండి. పొలం గట్టయినా, పశువుల బీడయినా ఇదే పద్ధతి. అడిగి అడుగుపెట్టడం మన పెద్దలు నేర్పిన మర్యాదే.