చెన్నపట్టణపు దీపస్తంభములు

కడలికి దూరమైన ధర్మపురి సీమలోని తెలుగువారికి ఓడలదీపముతో సంబంధమేమని తోచవచ్చును. అయినను 1792లో బారామహలు కుంఫిణీ వశమైన నాటినుండి ఆ సీమ వ్యవహారములు చెన్నపట్టణముతో ముడివడినవి. థామస్ మన్రో బారామహలులో శిస్తు వ్యవహారములు చూచుచుండిన కాలముననే, 1796లో, చెన్నపట్టణమున తొలి దీపము వెలిగెను.

అప్పటికి ఆ పట్టణము రేవన్న పేరే కాని, ఓడ ఒదుగుటకు చోటు లేదు. ఓడలు దూరముగ లంగరు వేసి నిలువగా, కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలు దాటి మనుష్యులను, సరకులను చేర్చెడివి. ఉత్తరమున పులికాటు చెంతనున్న ఇసుకమేటలు నావికులకు మృత్యుస్థానములు. కావున రాత్రివేళ తీరపుజాడ తెలుపు వెలుగు ప్రాణాధారమయ్యెను. కోటలోని ఎక్స్ఛేంజి భవనముపై నిలిపిన ఆ తొలి దీపమునకు కొబ్బరినూనెయే ఇంధనము. ఆ భవనమే నేటి కోట మ్యూజియము.

భూమి గుండ్రనిది గనుక దూరపు ఓడకు దీపము కనబడుటకు కాంతి ఒక్కటే చాలదు, ఎత్తును కావలెను. 125 అడుగుల ఎత్తునందలి దీపము నీటిమట్టముననున్న కంటికి సుమారు 14 మైళ్ళ వరకు కనుపించును. ఓడకొయ్య నెక్కినవానికి ఇంకను ముందే అగపడును. అందుచే కెప్టెన్ జె.టి.స్మిత్ రూపకల్పనతో, పల్లావరపు రాతితో, సుమారు 125 అడుగుల స్తంభము కోట కుత్తరమున లేచినది. 1844లో దానిపై దీపము వెలిగెను.

ఆ స్తంభము చెంతనే 1892లో హైకోర్టు భవనము వెలసెను. దాని ప్రధాన శిఖరము ఇంకను ఎత్తైనది. కావున 1894లో దీపమును అచటికి మార్చిరి. సుమారు 175 అడుగుల ఎత్తు చేరుటచే వెలుగు మరి రెండు మైళ్ళు ముందుకు సాగెను. క్రింద న్యాయవిచారణ, పైన నౌకలకు దారి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ పట్టణముపై గుండ్లు కురిపించి చమురుతొట్లను తగులబెట్టెను. ఆ దాడిని స్మరింపజేయు ఫలకము హైకోర్టు ఆవరణగోడకు కలదు. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు ఏర్పడువరకు కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్ళు ఆ శిఖరము క్రిందనే విచారింపబడెను.

1977లో మెరీనా తీరమున క్రొత్త స్తంభము వెలిగినది. శిఖరదీపము పని ముగిసినది. 1844 నాటి రాతిస్తంభము మాత్రము దీపము లేకయే హైకోర్టు ఆవరణలో నిలిచియున్నది. ధర్మపురినుండి అప్పీళ్ళకై నేటికిని అచటికి వచ్చువారు దాని ప్రక్కనుండి నడచుచుందురు. అది కేవలము అలంకారము కాదనియు, ఒకనాడు వేలమందిని ఒడ్డు చేర్చిన వెలుగునకు ఆధారమనియు వారెరుగుట మేలు.