ఈ నీళ్లు నింపి ఎన్నాళ్లయింది?

ఆదివారం పూట పిల్లలకు చేపలు చూపించాలంటే మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కుటుంబాలు ఎక్కడికి వెళ్లాలి? ఈ వారం ముఖచిత్ర కథనానికి సంపాదకులు ఇచ్చిన ప్రశ్న ఇది. నాలుగు చిరునామాలు, టికెట్ ధరలు ఇస్తే పని అయిపోయేది. బహదూర్‌పురాలో జూ పార్కు ఉంది. వేసవిలో ఏదో ఒక మైదానంలో అక్రిలిక్ సొరంగంతో ‘అండర్‌వాటర్ టన్నెల్ ఎక్స్‌పో’ వెలుస్తుంది. అదీ లేకపోతే వీధి చివర రంగు చేపల దుకాణం ఉండనే ఉంది. అయితే ఎక్కడికి వెళ్లాలన్న దానికన్నా, వెళ్లిన చోట చేపలు ఎలా బతుకుతున్నాయన్నదే పెద్ద ప్రశ్న. దానికి కొలతలు వెతుకుతుంటే 2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన ఒక గెజిట్ నోటిఫికేషన్ దొరికింది. అక్వేరియాలు, చేపల దుకాణాల నిర్వహణకు జంతుహింస నివారణ చట్టం కింద రాసిన నియమాలవి. ఇప్పుడు అమల్లో లేవు. అయినా అక్వేరియంకు బయల్దేరే ప్రతి తల్లీ తండ్రీ చదవదగిన కాగితం అది.

అందులో ఏముందో వివరంగానే చెప్పుకోవాలి. గుండ్రటి గాజు గిన్నెలో చేపను ఉంచకూడదు. ప్రదర్శనశాలలో చేపల ఆరోగ్యం చూసే పశువైద్యుడు ఉండాలి. డాల్ఫిన్లు, పెంగ్విన్లు, నీటికుక్కలు, సముద్ర తాబేళ్లు ఉండకూడదు. డాల్ఫిన్లతో ఆటలాడించే కేంద్రాలను సెంట్రల్ జూ అథారిటీ 2013లోనే వద్దంది. సయనైడ్ చల్లి, పేలుడు పదార్థాలు వాడి పట్టిన చేపలను కొనకూడదు. పగడపు దిబ్బల నుంచి తెచ్చినవీ వద్దు. వీటితో పాటు కృత్రిమంగా రంగు వేసిన చేపలపైనా నిషేధం పెట్టారు. చేపకు రంగు వేయడమేమిటని అనిపించవచ్చు. అద్దంలా ఒళ్లంతా పారదర్శకంగా ఉండి, ముల్లు ముల్లూ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించే ఒక చిన్న చేప మన దేశపు చెరువుల్లో, పొలం కాల్వల్లో పుడుతుంది. గ్లాస్‌ఫిష్ అంటారు. దాని ఒంట్లోకి సూదితో గులాబీ, పచ్చ, నీలం రంగులు ఎక్కించి అమ్మే వ్యాపారం ఆసియా దేశాల్లో ఏళ్ల తరబడి సాగింది. గాజులాంటి ఆ ఒంటిని చూడటమే ఒక పాఠం కాగలిగిన చేపకు ఈ గతి పట్టించారు. ఆ ఒక్క నిషేధం కోసమైనా ఆ గెజిట్‌ను నేను గౌరవిస్తాను.

మరి అంత మంచి నియమాలను కేంద్రం ఎందుకు వెనక్కి తీసుకుంది? రంగు చేపలు పెంచి బతికే వాళ్లకు దెబ్బ తగులుతుందన్న అభ్యంతరం బలంగా వచ్చింది. అందులో న్యాయం లేకపోలేదు. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల వేల కుటుంబాలకు ఇదే జీవనాధారం. పైగా నిషేధిత జాబితాలో 158 రకాలు చేర్చి, క్లౌన్‌ఫిష్‌ను కూడా అందులో పెట్టారు. సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హేచరీలో పిల్లలను పుట్టించిన చేప అది. హేచరీలో పుట్టినదాన్నీ పగడపు దిబ్బలో పట్టుకొచ్చినదాన్నీ ఒకే గాటన కట్టడం తప్పే. కానీ జాబితాలో తప్పుంటే జాబితాను దిద్దాలి. గాజు గిన్నె, రంగు సూది, వైద్యుడు లేని ప్రదర్శన ఎవరి జీవనాధారమని వాటి మీది ఆంక్షలూ తీసేశారు? పోనీ, జూలకు వర్తించే నియమాలున్నాయి కదా అంటారేమో. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జూ అన్న నిర్వచనం షెడ్యూళ్లలోని జంతువులను ప్రదర్శించే చోట్లకే వర్తిస్తుంది. దుకాణాల్లో దొరికే మామూలు రంగు చేపలు చాలావరకు ఆ షెడ్యూళ్లలో లేవు. అందుకే తనిఖీ భారం చివరికి టికెట్ కొన్న వాళ్ల మీద పడింది.

ఆ తనిఖీ నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను నీళ్లలోకి వదులుతుంది. అది పేరుకుంటే దానికే విషం. కొత్తగా నింపిన తొట్టిలో ఈ విషాన్ని విరిచే బ్యాక్టీరియా ఉండదు. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ ఫిల్టర్‌లో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకునే దాకా ఆగినట్టే ఇక్కడా ఆగాలి. ఇప్పుడు నెలా నెలన్నర ఆడి ఎత్తేసే ఎక్స్‌పోను ఊహించండి. నీళ్లు చేపకు అనుకూలంగా మారే వేళకు డేరా పీకేస్తారు. పాత ఫిల్టర్‌లోని స్పాంజి, రాళ్లు వెంట తెచ్చుకుంటే బ్యాక్టీరియా కూడా వస్తుంది కదా అని నిర్వాహకులు అనవచ్చు. నిజమే, పద్ధతి తెలిసిన వాళ్లు అలాగే చేస్తారు. కానీ చేపలను సంచుల్లో కట్టి ఊరూరా తిప్పడం, మళ్లీ మళ్లీ కొత్త నీళ్లకు అలవాటు చేయడం ఆ స్పాంజి తీర్చే కష్టాలు కావు. చేపకు నొప్పి ఏమిటన్న మాట ఇంకా కొందరు అంటుంటారు. ట్రౌట్ చేపల్లో నొప్పిని పసిగట్టే నాడులున్నాయని శాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం 2003లోనే చూపింది.

ఒకచోట స్థిరంగా ఉండే అక్వేరియం కొత్తదేమీ కాదు, చరిత్ర క్లుప్తంగా చెబుతాను. జనం కోసం తొలి అక్వేరియం 1853లో లండన్ జూలో తెరిచారు. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే, 1909లో, మెరీనా ఒడ్డున ఒకటి వచ్చింది. ముంబై తారాపూర్‌వాలా 1951 నాటిది. విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉంది. హైదరాబాద్ జూ జనానికి తెరుచుకున్నది 1963లో. 

ఇంతకీ తూర్పు హైదరాబాద్‌కు అక్వేరియం కావాలా? కావాలనే నా వాదన. కాకపోతే అది స్థిరంగా ఒకచోట ఉండాలి, అందులో మన చేపలు ఉండాలి. కూర చేపలను టికెట్ పెట్టి ఎవరు చూస్తారన్నది దీనికి మొదటి అభ్యంతరం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనును తీసుకోండి. అది నీళ్లలో ఉంటూనే పైకొచ్చి గాలి పీల్చాలి, పైకి రానివ్వకపోతే నీళ్లలోనే చచ్చిపోతుంది. ఎర్రటి పిల్లల గుంపును పెద్దచేప కాపలా కాస్తుంది. గాజు వెనక ఈ దృశ్యం చూసిన పిల్లవాడికి సొరచేప గుర్తుంటుందా, ఇది గుర్తుంటుందా? హబ్సిగూడ సీసీఎంబీలో శాస్త్రవేత్తలు పరిశోధనకు వాడే జీబ్రాఫిష్ కూడా మన దేశపు వాగుల్లో, వరి మడుల్లో పుట్టిందే. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దానిలో జతలున్నాయి. బురదలో పాములా దూరే బొమ్మిడాయి, మీసాల జెల్ల, అంతరించే ముప్పున్న చేపగా అంతర్జాతీయ జాబితాకెక్కిన వాలుగ ఉన్నాయి. వీటికి సముద్రపు ఉప్పునీళ్లు తయారుచేయక్కర్లేదు, ఖర్చూ తగ్గుతుంది. స్థలమంటారా, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకునే సరూర్‌నగర్ చెరువుంది. 1626లో తవ్వించారని చెప్పే ఆ చెరువులోకి మురుగు చేరింది. దాని గట్టు మీద ఒక చిన్న అక్వేరియం కడితే, నీళ్లు బాగుంటే ఇందులో ఏవేవి బతుకుతాయో పిల్లలకు అక్కడే చూపించవచ్చు.

దెయ్యం చేప మాట

దుకాణంలో తొట్టి కొంటే అద్దం నాకుతుందని ‘సక్కర్’ను కూడా అంటగడతారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప అడుగున్నర దాకా పెరుగుతుంది. ఇంట్లో పట్టక చెరువులో వదిలేస్తారు. తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కృష్ణా నదిలో జాలర్ల వలలు చింపుతూ ‘దెయ్యం చేప’ అని పేరు తెచ్చుకున్నది ఇదే. పెంచలేకపోతే దుకాణానికే తిరిగి ఇవ్వండి. చెరువులో మాత్రం వదలొద్దు.

వెళ్లే ముందు

ఈ వేసవికి టన్నెల్‌కే వెళ్తామంటే వెళ్లండి, పిల్లల ఉత్సాహాన్ని కాదనలేం. లోపల మాత్రం తొట్టి పక్కన పేరు రాసిన పలక ఉందా, చేప ఏ దేశానిదో, హేచరీలో పుట్టిందో సముద్రంలో పట్టిందో రాశారా అని చూడండి. పైకొచ్చి నోరు తెరుస్తూ అల్లాడే చేపలు ఎక్కువుంటే నీళ్లు బాగాలేవని అనుమానించండి. కొర్రమీను జాతి అయితే అది మామూలే. గాజు మీద తట్టొద్దని పిల్లలకు చెప్పండి. టికెట్ కొనే ముందే కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు అడగండి: ఈ నీళ్లు నింపి ఎన్నాళ్లయింది, ఎక్స్‌పో అయ్యాక ఈ చేపలు ఎక్కడికి వెళ్తాయి? జవాబు చెప్పలేకపోతే ఆ టికెట్ కొనకండి.