గ్రహాల సందులో సెంటార్లు

హైదరాబాద్ మల్లాపూర్‌లో డాబా ఎక్కితే, నాచారం ఫ్యాక్టరీల దీపాలెన్ని వెలుగుతున్నా, కాలం కలిసొస్తే శనిగ్రహం కంటికి ఆనుతుంది. కైరాన్ అనే చిన్న ముద్ద మాత్రం పెద్ద టెలిస్కోపుకే చిక్కుతుంది. శని కక్ష్య లోపలినుంచి యురేనస్ పొలిమేర దాకా పోయి రావడానికి దానికి 50 ఏళ్లు. 1977లో పాలొమార్ వేధశాల ఫొటో ప్లేట్ల మీద ఖగోళవేత్త ఛార్లెస్ కోవాల్ దాన్ని కనిపెట్టాడు. గ్రహశకలమని 2060 నంబరిచ్చారు. తర్వాత చుట్టూ ధూళి, వాయువుల పొర కనబడడంతో తోకచుక్కగానూ 95పి అని రాసుకున్నారు. ఇలా అటూ ఇటూ కాని మంచు, రాతి ముద్దలకే సగం మనిషి, సగం గుర్రమైన గ్రీకు సెంటార్ల పేరు పెట్టారు. 1920లోనే దొరికిన హిడాల్గోను ఈ గుంపులో కొందరు కలుపుతారు, కొందరు కలపరు.

అదే 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డొచ్చింది. గ్రహం తాకకముందే వెలుగు మినుకుమంది. కారణం దాని చుట్టూ ఉన్న వలయాలని తేలింది. తమిళనాడులోని కావలూర్ నుంచీ ఆ మినుకులు నమోదయ్యాయి. ఆ వేధశాలను కట్టించిన వేణు బప్పు మన నిజాం కాలేజీ విద్యార్థి. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు.

అదే కిటుకు 2013 జూన్ 3న చారిక్లో అనే సెంటార్ గుట్టు విప్పింది. దక్షిణ అమెరికా టెలిస్కోపుల్లో చారిక్లో అడ్డొచ్చే ముందొకసారి, తప్పుకున్నాక ఒకసారి నక్షత్రం రెప్పపాటు మసకబారింది. రెండు వలయాలు: ఒకటి సుమారు 7 కిలోమీటర్ల వెడల్పు, రెండోది 3. అప్పటిదాకా వలయాలు నాలుగు మహాగ్రహాల సొత్తే అనుకున్నాం. తెలిసిన సెంటార్లలో పెద్దదైన చారిక్లో అడ్డంగా 250 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడంత దూరం కూడా లేదు! వలయాల పోటీలో నా ఓటు దీనికే. అంతకన్నా చిన్నదైన కైరాన్‌కూ వలయాలున్నాయని ఇటీవలి పరిశీలనలు చెబుతున్నాయి కాబట్టి, వలయాలున్న అతి చిన్నదనే రికార్డు ఎవరిదో మళ్లీ రాసుకోవాలి.

ఎరుపులో 1992లో దొరికిన ఫోలస్‌ది పైచేయి. కర్బన పదార్థాల వల్లే ఆ రంగంటారు. చిందులు తొక్కడంలో మాత్రం 29పి. గురుగ్రహానికి కాస్త అవతల దాదాపు గుండ్రని దారిలో తిరిగే ఈ తోకచుక్క 1927లో దొరికింది. ఏటా పలుమార్లు ఉన్నట్టుండి పేలి ధగధగలాడుతుంది.

సెంటార్ల కక్ష్యలు నిలకడైనవి కావు. పెద్ద గ్రహాలు కొన్ని లక్షల, కోట్ల ఏళ్లలోనే వీటిని బయటికి విసిరేస్తాయి, లేదా సూర్యుడి వైపు నెడతాయి. నెప్ట్యూన్ అవతలి నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. వీటి దగ్గరికి ఏ వ్యోమనౌకా వెళ్లలేదు. అయితే శని చుట్టూ వెనక్కి తిరిగే ఫీబీ ఒకప్పుడు శనికి చిక్కిన సెంటారే అయి ఉండొచ్చని అంచనా. 2004 జూన్ 11న కాసినీ నౌక దానికి సుమారు 2,000 కిలోమీటర్ల దూరంలోంచి ఫొటోలు తీసింది: గుంటలమయమైన నల్లటి నేల, గుంటల అంచుల్లో తెల్లని మంచు.