అండకోశములందలి నీటిబుడగలు : బాలికలును తల్లులును తెలిసికొనవలసిన సంగతులు

జ్వరము వచ్చినచో బాలిక తల్లితో చెప్పును. పంటినొప్పి కలిగినచో ఉపాధ్యాయినితో చెప్పును. నాలుగు మాసములు ముట్టు రాకున్నచో మాత్రము ఎవ్వరితోను చెప్పదు. తల్లి గ్రహించినను, ఇరుగుపొరుగువారు విందురేమో, వచ్చిన సంబంధము తప్పిపోవునేమో యని వెఱచి, ఆ సంగతిని కడుపులోనే దాచుకొనును. ఇట్లు దాచుటచే సులభముగా చక్కబడదగిన దోషము ముదురుచున్నది. కావున సిగ్గు విడిచి, ఉన్న సంగతిని ఉన్నట్లు తెలిసికొనుట మేలని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

స్త్రీల గర్భాశయమునకు ఇరుప్రక్కల రెండు అండకోశములు గలవు. ఒక్కొక్కటి మన పలాస జీడిపిక్కకు ఇంచుమించు సమానమైన ప్రమాణము గలది. వీనిని నడిపించునది మెదడు క్రిందనుండు బఠాణీగింజంత పీయూషగ్రంథి. అది రక్తము ద్వారా పంపు రసములకు హార్మోనులని పేరు. ఆ యాజ్ఞ ననుసరించి ప్రతిమాసము అండకోశమున కొన్ని చిన్న కోశికలు పెరుగ నారంభించును. వానిలో సాధారణముగా ఒకటియే పక్వమై, పగిలి, అండమును విడుచును. పగిలిన కోశిక ప్రొజెస్టిరోను అను హార్మోనును పుట్టించును. గర్భము నిలువనిచో, రెండు వారములకు ఆ హార్మోను తగ్గిపోయి, గర్భాశయపు లోపొర కరగి ముట్టుగా వెలువడును.

పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోము అను స్థితియందు ఈ క్రమము మధ్యలో ఆగిపోవును. స్త్రీల దేహమున సహజముగా కొంచెముగానుండు పురుష హార్మోనులు హెచ్చును. ఇందుకు ఇన్సులిను కూడ తఱచుగా కారణమగును. తిన్న యన్నమునుండి వచ్చు చక్కెరను కండలలోనికి చేర్చుట ఇన్సులిను పని. దేహము దాని మాట సరిగా విననప్పుడు క్లోమము మఱింత ఇన్సులినును స్రవించును. ఆ యధికమైన ఇన్సులిను అండకోశములను ప్రేరేపించి పురుష హార్మోనులను పెంచును. అందుచే కోశికలు పక్వము గాక, రెండు మొదలు తొమ్మిది మిల్లీమీటర్ల పరిమాణముననే నిలిచిపోవును. లోకులు “నీటిబుడగలు” అనునవి ఇవియే. ఇవి కంతులు గావు, పుండ్లు గావు, కోసి తీయవలసినవి గావు. ఎదుగుట ఆగిన కోశికలు మాత్రమే.

అండము విడుదల గానిచో ప్రొజెస్టిరోను పుట్టదు. అప్పుడు గర్భాశయపు లోపొర మాసముల తరబడి దళసరియగుచుండును. తుదకు ఒకనాడు అధికముగా రక్తము పోవును. ఇందువలన రక్తహీనత కలుగును. అనేక సంవత్సరములు ఇట్లే విడిచిపెట్టినచో ఆ పొరయందు పుట్టకురుపు బుట్టు ప్రమాదమును హెచ్చును. ముట్టు రాకుండుట సుఖమే యని ఉపేక్షింపరాదనుటకు ఇదియే హేతువు.

ఈ వ్యాధి క్రొత్తది గాదు. 1935వ సంవత్సరమున అమెరికా దేశమందలి చికాగో నగర వైద్యులు స్టైను, లెవెంతాలు అనువారు ఏడుగురు స్త్రీలయందు దీనిని వర్ణించిరి. ప్రపంచమున గర్భధారణ వయస్సునందున్న స్త్రీలలో నూటికి 10 మొదలు 13 మందికి ఇది యుండునని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో నూటికి 70 మంది వఱకు తమకిది గలదని ఎఱుగనే యెఱుగరట. మన రాష్ట్రముననే అనంతపురమందలి యొక వసతి కళాశాలలో 15 మొదలు 18 సంవత్సరముల ప్రాయముగల 460 మంది బాలికలను పరీక్షించి, 2011లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 9 మందికి ఇది కానవచ్చెను. ఈ లెక్కను బట్టి నలుబదిమంది బాలికలుగల తరగతిలో ముగ్గురు నలుగురికి ఇది యుండవచ్చును. కాగా తాను ఒంటరినని ఏ బాలికయు తలపవలదు.

దీనిని గుర్తించు విధమెట్లు? రజస్వలయైన మొదటి సంవత్సరమున ముట్టు క్రమము తప్పుట సహజము. అటుపిమ్మట మూడవ సంవత్సరము వఱకు 21 దినములకు లోపుగాని 45 దినములకు మించిగాని వచ్చుచున్నచో గమనింపవలయును. మూడు సంవత్సరములు దాటిన తరువాత 35 దినములకు మించరాదు. మొదటి సంవత్సరము గడచిన పిదప ఎప్పుడైనను 90 దినములు ముట్టు రాకున్నచో వైద్యునికి చూపవలయును. 15 సంవత్సరములు నిండినను రజస్వల కాని బాలికను కూడ చూపవలయును. గడ్డము, పైపెదవి, ఱొమ్ముల మీద ముదురు వెండ్రుకలు మొలచుట, మానని మొటిమలు పురుష హార్మోను హెచ్చుటకు గుర్తులు. మెడమీద నల్లని మందపు చర్మము ఇన్సులిను దోషమునకు గుర్తు. ఆ నలుపు మురికి గాదు. దానిని రుద్ది రుద్ది పుండు చేసికొనరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. పెరుగుచున్న బాలికల అండకోశములందు అనేక కోశికలుండుట స్వభావసిద్ధమే. కావున రజస్వలయైన ఎనిమిది సంవత్సరముల లోపల కేవలము స్కానింగు చూచి ఈ వ్యాధిని నిర్ణయింపరాదని 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య సూత్రములు విధించుచున్నవి. బాలికల విషయమున ముట్టు తప్పుటయు, పురుష హార్మోను హెచ్చుటయు రెండును కానరావలయును. థైరాయిడు గ్రంథి మందగించుట, ప్రొలాక్టిను హెచ్చుట, అడ్రినలు గ్రంథి దోషము, మిక్కిలి కృశించుట మొదలగు వానివలనను ముట్టు తప్పును. రక్తపరీక్షలచే వీనిని వేఱుచేసిన పిదపనే నిర్ణయము చేయవలయును.

మన ఉద్దాన ప్రాంతమువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి గలదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతములలో మూత్రపిండవ్యాధి పెక్కు కుటుంబములను దుఃఖపెట్టుచున్నది. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల మూత్రపిండవ్యాధి ఆసుపత్రి ప్రారంభింపబడుటకు ఈ బాధయే కారణము. అందుచే “బుడగలు” అను మాట విన్నతోడనే తల్లులు, ఇదియు మూత్రపిండముల జబ్బే యని తల్లడిల్లుదురు. మూత్రపిండములలో తిత్తులేర్పడు వంశపారంపర్య వ్యాధి వేఱు. ఉద్దానమున వ్యాపించిన వ్యాధి వేఱు. అండకోశపు బుడగలు వేఱు. ఒకటి మఱియొకటిగా మారదు.

అయినను మందుల విషయమున జాగ్రత్త అవసరము. ముట్టునొప్పికి దుకాణమునుండి డైక్లోఫెనాకు, ఐబూప్రొఫెను వంటి మాత్రలు తెచ్చి తఱచుగా మ్రింగుట మూత్రపిండములకు హానికరము. ఇన్సులిను దోషమునకిచ్చు మెట్‌ఫార్మిన్ మూత్రపిండములను చెఱుపునది గాదు. కాని, అవి మిక్కిలి క్షీణించినవారికి అది తగదు. కావున మందు మొదలుపెట్టుటకు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనుట, ఇంటిలో మూత్రపిండరోగులున్న సంగతి వైద్యునకు చెప్పుట విధి. పేరు, పాళ్లు వ్రాయని పొడులను, భస్మములను ఎవరి మాట నమ్మియు వాడరాదు.

ఈ స్థితిని సమూలముగా మాన్పు మందు లేదు. కాని అదుపులోనుంచుకొని సుఖముగా బ్రతుకవచ్చును. స్థూలకాయముగలవారు తమ బరువులో నూటికి అయిదు మొదలు పది పాళ్లు తగ్గించుకొన్నను పెక్కుమందికి ముట్టు క్రమపడును. బక్కపలుచని బాలికలకును ఈ వ్యాధి రావచ్చును గావున, తిండిపోతుతనమువలన వచ్చినదని నిందించుట అన్యాయము. ఉపవాసములు వలదు. పళ్లెరములో తెల్లయన్నము కొంత తగ్గించి, పప్పు, ఉలవలు, ఆకుకూరలు, చేపలు, గ్రుడ్లు హెచ్చింపవలయును. మన పెద్దలెఱిగిన చోడి అంబలి మంచిది. చక్కెర పానీయములు, బేకరీ తినుబండములు మంచివి గావు. జీడిపప్పు పుష్టికరమే యైనను గుప్పెడు చాలును. బాలికలు దినమునకు ఒక గంట సేపు ఆటలాడవలయును, లేక వడిగా నడువవలయును. అనంతపురపు బాలికలలో తొంబదిమందిని రెండు జట్లుగా విభజించి, పండ్రెండు వారములు ఒక జట్టుచే యోగాసనములు, రెండవ జట్టుచే ఇతర వ్యాయామము చేయింపగా, ఆసనములు వేసిన జట్టులో పురుష హార్మోను తగ్గి, ముట్టు మెఱుగయ్యెను. కాగా ఆటల గంటను లెక్కల గంటకు బలియిచ్చుట బాలికలకు మేలు గాదు.

ఇది చాలనిచో వైద్యులు ముట్టును క్రమపఱచు హార్మోను మాత్రల నిత్తురు. ఇవి గర్భనిరోధమునకు వాడు మాత్రలే యని తెలిసి కొందఱు తలిదండ్రులు ఉలికిపడుదురు. ఇచ్చట అవి గర్భాశయపు పొరను కాపాడుటకును, మొటిమలను వెండ్రుకలను తగ్గించుటకును ఇయ్యబడుచున్నవి. వానిచే గొడ్డుతనము కలుగదు. రక్తపుపోటు, కండ్లు మసకలుగ్రమ్ము పార్శ్వపునొప్పి, ఇంటిలో ఎవరికైన రక్తనాళములలో గడ్డకట్టిన చరిత్ర యున్నచో ముందుగా చెప్పవలయును.

“మా బిడ్డకు సంతానము కలుగునా?” యని తల్లులు కన్నీటితో అడుగుదురు. ఈ స్థితిగల స్త్రీలలో అధికులు తల్లులగుచునే యున్నారు. అవసరమైనచో అండము విడుదలగునట్లు చేయు లెట్రొజోలు వంటి మందులు గలవు. కావున వివాహము చేసినచో అన్నియు సర్దుకొనునని చదువు మాన్పించి బాలికకు పెండ్లి చేయుట చికిత్స గాదు. అది రెండవ అపకారము. మధుమేహము ముందు ముందు రాకుండ కాలానుసారముగా రక్తములోని చక్కెరను, రక్తపుపోటును చూపించుకొనవలయును. దిగులు మనస్సును క్రుంగదీసినచో అదియు ఈ వ్యాధిలో భాగమే. చెప్పుకొనుటకు 14416 అను ఉచిత టెలిఫోను సంఖ్య గలదు.

బాలికలారా! ముట్టు వచ్చిన తేదీని నోటుపుస్తకములో వ్రాసియుంచుకొనుడు. వైద్యునికి అంతకంటె విలువైన కాగితము లేదు. తల్లులారా! గ్రామమందలి ఆశా కార్యకర్తతో మాటలాడి, పలాసకో టెక్కలికో ప్రభుత్వాసుపత్రికి బిడ్డను తోడ్కొనిపొండు. తండ్రులారా! బిడ్డ గడ్డము మీది వెండ్రుకలను జూచి నవ్వు నన్నదమ్ములను మందలింపుడు.

మార్కు సువార్తయందు పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ కథ మన మందఱ మెఱుగుదుము. ఆమె పెక్కుమంది వైద్యులచేత బాధలుపడి, కలిగినదంతయు వ్యయము చేసి, జనసమూహములో వెనుకనుండి దొంగతనముగా వచ్చినది. ప్రభువు ఆమెను గద్దింపలేదు. అందఱి యెదుట ఆమె తన సంగతియంతయు చెప్పుకొన, విని, కుమారీ యని పిలిచి సమాధానముతో పంపెను. మన యిండ్లలోను, మన పాఠశాలలోను బాలికల మాటను అట్లే వినువారుండినచో ఈ వ్యాధి భారములో సగము నాడే తీరును.