కారులో ‘ఎకో’ మీట: ఎక్కడ లాభం, ఎక్కడ ముప్పు

న్యూఢిల్లీ: దేశ అవసరాలకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే రావాలి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ముడిచమురు దిగుమతి 23 కోట్ల టన్నులు దాటింది. అంతర్జాతీయ విపణిలో పీపా ధర పెరిగినా, డాలరుతో రూపాయి మారకపు విలువ తగ్గినా విదేశీ మారకద్రవ్య నిల్వలపై ఒత్తిడి తప్పదు. ఆ ఒత్తిడి హద్దు దాటితే ఏమవుతుందో 2022లో పొరుగునున్న శ్రీలంక చవిచూసింది. పెట్రోలు బంకుల ముందు వాహనాలు రోజుల తరబడి బారులు తీరాయి. ఒక్కొక్క వాహనానికి వారానికి ఇన్ని లీటర్లని ప్రభుత్వం కోటా విధించవలసి వచ్చింది.

ఈ నేపథ్యంలో కార్లలో వస్తున్న ‘ఎకో’ అనే పొదుపు మీటపై వినియోగదారులలో ఆసక్తి పెరగడం సహజమే. 2014లో టాటా మోటార్స్ విడుదల చేసిన జెస్ట్ పెట్రోలు కారులో సిటీ, స్పోర్ట్ పద్ధతులతో పాటు ఈ సదుపాయం ఉంది. అనంతర కాలంలో పలు కంపెనీల మోడళ్లలో ఇది చోటు చేసుకుంది. అయితే కొందరు దీనిని ఒకసారి నొక్కి మరచిపోతున్నారు. మరికొందరు కారు మందగిస్తుందని దాని జోలికే పోవడం లేదు. ఎప్పుడు వాడాలి, ఎప్పుడు తీసివేయాలి అన్నది తెలియాలంటే ముందు అది చేసే పని తెలియాలి.

మీట చేసే పని

అంబాసిడర్, మారుతి 800 వంటి పాత కార్బురేటర్ కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌కూ ఇంజనుకూ మధ్య నేరుగా సంబంధం ఉండేది. పాదం ఎంత నొక్కితే ఇంజనులోకి అంత గాలి, దానితో పాటు అంత పెట్రోలు పోయేవి. నేటి కార్లలో పెడల్ నుంచి కంప్యూటర్‌కు సంకేతం మాత్రమే వెళుతుంది. ఇంజనుకు ఎంత ఇంధనం అందించాలో నిర్ణయించేది కంప్యూటరే. ఎకో పద్ధతిలో ఆ కంప్యూటర్ పెడల్ ఆదేశాన్ని కొంత తగ్గించి అమలు చేస్తుంది. ఆటోమేటిక్ కార్లలో గేరు త్వరగా పైకి మారుతుంది. కొన్ని మోడళ్లలో ఏసీ కంప్రెసర్ పనిచేసే సమయం తగ్గుతుంది. విద్యుత్ కార్లలో మోటారు శక్తికి పరిమితి విధించి, బ్యాటరీ ఎక్కువ దూరం వచ్చేలా చేస్తుంది.

అంటే ఈ మీట ఇంజను సామర్థ్యాన్ని కొత్తగా పెంచేది కాదు. డ్రైవరు పాదంలోని తొందరను అదుపు చేస్తుంది, అంతే. మీట వేసిన తర్వాత కారు కదలడం లేదని పెడల్‌ను మరింత అదిమితే కలిగే ప్రయోజనం చాలావరకు హరించుకుపోతుంది.

నగరంలోనే అసలు లాభం

నగర రహదారులపై కారు ప్రతి కూడలిలో ఆగుతుంది, మళ్లీ బయలుదేరుతుంది. నిశ్చల స్థితి నుంచి వేగం అందుకునేటప్పుడే ఇంధనం అధికంగా ఖర్చవుతుంది. అలా సంపాదించిన వేగాన్ని వంద గజాల దూరంలో బ్రేకు వేసి వృథా చేయడం పరిపాటి. ఎకో మీటకు పూర్తి సార్థకత ఇక్కడే. మీటలేని కారులోనైనా పాదాన్ని మృదువుగా వాడి, త్వరగా పై గేరుకు మారితే ఇదే ఫలితం వస్తుంది.

ఎర్రదీపం వద్ద ఆగి ఉన్నప్పుడు మాత్రం ఈ మీట వల్ల చెప్పుకోదగ్గ ఉపయోగం లేదు. అక్కడ ఇంజను ఆపడమే మార్గం. ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబరులో ఇదే ఉద్దేశంతో, ఎర్రదీపం పడగానే ఇంజను కట్టివేయాలని ప్రచారోద్యమం చేపట్టింది.

జాతీయ రహదారిపై

చదునైన రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతున్నప్పుడు ఎకో వేసినా తీసినా పెద్ద తేడా ఉండదు. ఆ వేగానికి కావలసిన శక్తి ఒక్కటే. అక్కడ పొదుపును నిర్ణయించేది వేగం. గాలి నిరోధం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 80 నుంచి 100 కిలోమీటర్లకు వేగం పెంచితే ఆ నిరోధం 56 శాతం అధికమవుతుంది. పెట్రోలియం మంత్రిత్వశాఖ ఆధ్వర్యాన 1978లో ఏర్పాటైన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగాన్ని సిఫార్సు చేయడంలోని ఆంతర్యం కూడా ఇదే.

ఎప్పుడు తీసివేయాలి?

రెండు వరుసల రహదారిపై లారీని దాటవలసి వచ్చినప్పుడు ఎకో పద్ధతి ప్రమాదకారి కాగలదు. కారు ఎదుటి వరుసలో ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం. కొన్ని కార్లలో పెడల్‌ను పూర్తిగా నొక్కితే పూర్తి శక్తి లభిస్తుంది. అన్ని మోడళ్లలో ఆ ఏర్పాటు లేదు. కనుక లారీ వెనుక ఉండగానే మీట తీసివేయాలి. పక్కకు వచ్చిన తర్వాత మీట కోసం చూపు మరల్చడం ప్రాణాంతకం. పక్కదారి నుంచి వేగంగా కదిలే జాతీయ రహదారి ప్రవాహంలో కలిసేటప్పుడూ ఇదే నియమం వర్తిస్తుంది.

తిరుమల, ఊటీ, సిమ్లా వంటి ఘాట్ రోడ్లపై నిండు బరువుతో ఎక్కేటప్పుడు కూడా ఎకో తగదు. పై గేరులో ఇంజను ముక్కుతూ ఎక్కడం వల్ల పొదుపు జరగదు. దిగేటప్పుడు మరొక అపోహ ఉంది. ఇంధనం మిగులుతుందని కొందరు గేరును న్యూట్రల్‌లో పెడతారు. నేటి ఇంజన్లలో గేరులో ఉంచి పెడల్ వదిలితే ఇంధన సరఫరా దానంతట అదే నిలిచిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజను ఆగిపోకుండా ఉండేందుకు ఇంధనం కాలుతూనే ఉంటుంది. పైగా ఇంజను నిరోధం లేక భారమంతా బ్రేకులపై పడుతుంది.

మండు వేసవిలో ఎండలో నిలిపిన కారు ఎక్కినప్పుడు అద్దాలు దించి వేడిగాలిని పోనివ్వాలి. తర్వాత మామూలు పద్ధతిలో చల్లబరచి, ఆపై ఎకోకు మారడం ఉత్తమం.

లీటరు విలువ

పొదుపు ఎంత అన్నది కారును, దారిని, డ్రైవరును బట్టి మారుతుంది. ఉదాహరణకు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 67 లీటర్లు పడుతుంది. అందులో 5 శాతం మిగిలినా ఏడాదికి 40 లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక ఆ మేరకు కాలుష్యమూ తగ్గుతుంది. టైర్లలో గాలి సరిగా ఉంచడం, అనవసరమైన బరువు దించడం వంటి పాత జాగ్రత్తలను ఏ మీటా భర్తీ చేయలేదు. నిత్యం నగరంలో తిరిగేవారు ఎకోను అలవాటుగా ఉంచుకోవచ్చు. ఊరి పొలిమేర దాటి రెండు వరుసల రోడ్డెక్కేటప్పుడు మాత్రం అది వేసి ఉందో లేదో చూసుకోవాలి.