మీకు తెలుసా? నల్లమల దేవుళ్లు చెంచుల అల్లుళ్లు

శ్రీశైలం మల్లన్న నల్లమల అడవుల్లో నివసించే చెంచులకు 'చెంచు మల్లయ్య'. తమ ఆడపడుచును పెళ్లాడిన ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. అహోబిలం నరసింహస్వామీ చెంచులక్ష్మిని చేపట్టిన అల్లుడే. అందుకే కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది. తన కల్యాణానికి రమ్మని దేవుడే గడప గడపకూ వచ్చి పిలుస్తాడు! ఇంత ఆత్మీయమైన ఉత్సవం ఇంకెక్కడుంది?

నల్లమల అడవుల్లో చాలా భాగం 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. చెంచుల గూడేలైన పెంటలు అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఇక్కడున్నాయి. పులి అడుగుజాడను చూసి జాడ చెప్పగల చెంచులే నేడు అటవీశాఖలో కాపలాదారులుగా, ట్రాకర్లుగా పనిచేస్తున్నారు. శ్రీశైలం వెళ్లినప్పుడు దారిలో చెంచులు అమ్మే తేనె కనిపిస్తే, బేరమాడకుండా కొనండి.