సత్యలో రేల పూసే వేళ

ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో రోజంతా ఓ రాజమండ్రి ఆడపడుచు పేరు వినిపిస్తూనే ఉంటుంది. ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’ అనగానే బ్యాగులు భుజాన వేసుకుని తలుపుల దగ్గరికి జరిగేవాళ్లలో ఎక్కువమంది ఇరవై అటూ ఇటూ వయసువాళ్లు. నేనూ అక్కడే దిగుతాను.

“ఈవిడ మరాఠీ ఆవిడేగా?” అని నా రూమ్మేటు, రోహతక్ పిల్ల, మొదటి నెలలో అడిగింది. ప్లాట్‌ఫాం మీదే నిలబెట్టి చెప్పాను. కాదు, మా గోదావరి ఒడ్డున 1909లో పుట్టింది. చిన్నతనంలోనే హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు నేర్పడానికి బడి పెట్టింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్టు లేదని నెహ్రూనే గేటు దగ్గర ఆపేసింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడాక ఆ ఇంటిపేరు వచ్చింది. రోహతక్ అంతా విని, “ఆవిడకు హిందీ వచ్చింది, నీకూ వస్తుందిలే” అంటూ నా చెయ్యి పట్టుకుని ఎస్కలేటర్ ఎక్కించింది.

ఢిల్లీ చూడ్డానికి వచ్చేవాళ్లెవరూ సత్య నికేతన్‌కు రారు. ఇక్కడ కోట లేదు, గోపురం లేదు. బెనిటో జువారెజ్ మార్గ్‌కు ఒకవైపు తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీవెంకటేశ్వర కళాశాల. ఎదురుగా ఈ కాలనీ. ఆ రోడ్డులోనే ఆర్యభట్ట, రామ్‌లాల్ ఆనంద్, మోతీలాల్ నెహ్రూ కాలేజీలు, ఢిల్లీ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్. ఇన్ని చోట్ల చదివే పిల్లలంతా తిండికీ, గదికీ, కబుర్లకూ ఇటే వస్తారు. పక్కకు జరగడానికి చోటు లేక కాలనీ పైకి పెరిగింది. కింద జిరాక్సు కొట్టు, దానిపైన కేఫ్, దానిపైన సెలూన్, ఆపైన పీజీ. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాల్సిన మెట్లు. తలెత్తితే కరెంటు తీగల అల్లిక. కాలనీని అందరూ ‘సత్య’ అంటారు, కాలేజీని ‘వెంకీ’ అంటారు. ఏడుకొండలవాడి పేరును అలా కుదించేయడం మొదట్లో నా చెవికి ఎక్కలేదు. ఇప్పుడు నా నోట కూడా అదే.

ఈ పైకి పెరగడం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2022 ఏప్రిల్‌లో ఇక్కడ మరమ్మతులు జరుగుతున్న ఓ ఇల్లు కూలి ఇద్దరు పనివాళ్లు చనిపోయారు. నేను వచ్చింది ఆ తర్వాత కొన్ని నెలలకే. గది చూడ్డానికి నాతో వచ్చిన నాన్న, ఇంటివాళ్లు అద్దె చెబుతున్నంతసేపూ గోడల మీద పగుళ్లను వేలితో తడుముతూనే ఉన్నారు. పిల్లల్ని పంపబోయే అమ్మానాన్నలకు నేను చెప్పేదీ అదే. వైఫై ఉందా అని అడిగేముందు, దిగడానికి రెండో దారి ఉందా అని అడగండి.

సీయూఈటీ రాసి డీయూలో చేరిన మొదటి బ్యాచ్ మాది. పరీక్షలు, సీట్ల కేటాయింపులు సాగి సాగి 2022 నవంబరు 2న గానీ తరగతులు మొదలవలేదు. విజయవాడలో ఎక్కిన రైలు న్యూఢిల్లీలో దించేసరికి ఊరంతా పొగో మంచో తెలియని బూడిదరంగులో ఉంది. నా పెట్టెలో కాటన్ చుడీదార్లు, ఆవకాయ, కందిపొడి, అమ్మ ఇచ్చిన దుప్పటి. డిసెంబరు వచ్చేసరికి ఆ దుప్పటి ఏ మూలకూ చాల్లేదు. ఒక రాత్రి రోహతక్ లేచి, మాట్లాడకుండా తన మంచాన్ని నా మంచానికి ఆనించి, తన రజాయిని ఇద్దరి మీదికీ లాగింది. ఆ మంచాలు మళ్లీ విడదీయలేదు.

మా జట్టులో పేర్లతో పిలుచుకోం, ఊళ్లతోనే. రోహతక్, తేజ్‌పూర్, పాలక్కాడ్, పై అంతస్తులో ఉండే వరంగల్ అక్క. నేను తెనాలి. ఉత్తరాదిలో ఈ పేరుకున్న మర్యాద ఇక్కడికొచ్చాకే తెలిసింది. బీర్బల్ కథలతో పాటు తెనాలీరామ కథలు వింటూ, టీవీలో సీరియల్ చూస్తూ పెరిగినవాళ్లు వీళ్లంతా. అది మనిషి పేరనే అనుకుంటారు. ఊరని తెలియగానే కళ్లు పెద్దవి చేసుకుని, అయితే ఒక కథ చెప్పమంటారు. మా సందులోకి వచ్చే కూరగాయల బండాయన కూడా “ఒకటి చెప్పు బిటియా” అంటాడు. చెబితే రెండు నిమ్మకాయలు ఎక్కువ వేస్తాడు.

తెనాలిలో ఉన్నన్నాళ్లూ నేను ‘సౌత్’ అని నాకు తెలియదు. అక్కడ మేం డెల్టావాళ్లం, అంతే. ఢిల్లీలో దిగిన రోజు నుంచి సౌత్‌నయ్యాను. పాలక్కాడ్, నేనూ ఒకే భాష మాట్లాడుకుంటామని రోహతక్ చాలా రోజులు నమ్మింది. నిజానికి మా ఇద్దరి మధ్యా మొదటి ఏడాది నడిచింది ఇంగ్లిషు, తర్వాత హిందీ. రోహతక్ దగ్గర నేర్చుకున్న హిందీ కాబట్టి అందులో హర్యానా యాస కూడా ఉంది. తెనాలి పిల్ల, పాలక్కాడ్ పిల్ల హర్యానా యాసలో పోట్లాడుకునే చోటు భూమ్మీద ఇంకోటి ఉండదేమో. నాకీ ఊరు మీద ఇష్టం కలిగింది అందుకే. ఎర్రకోట, కుతుబ్ మినార్ తర్వాతి మాట.

చేదు లేదని కాదు. రెండో ఏడాది గది మారాలనుకున్నప్పుడు ఓ ఇంటావిడ మేం ఎక్కడివాళ్లమో అడిగి, “మీరు చేపలు వండుతారు” అని తలుపు వేసేసింది. వీధిలోకి వచ్చాక నాకు ఏడుపొచ్చింది. తేజ్‌పూర్ అప్పుడు నెమ్మదిగా చెప్పింది. తనను ఒకచోట “నువ్వు ఇండియానేనా?” అని అడిగారట. నా బాధ పక్కన తన బాధ పెట్టి చూపించింది. అంతవరకు మేం కలిసి తినేవాళ్లం, తిరిగేవాళ్లం. ఆ సాయంత్రం నుంచి స్నేహితులమయ్యాం.

తిరగడమంటే నిజంగానే తిరగడం. ఢిల్లీ సిటీ బస్సుల్లో 2019 అక్టోబరు 29 నుంచి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చిన గులాబీ టికెట్టే లేకపోతే నా ఢిల్లీ సగానికి సగం తగ్గిపోయేది. కిటికీ పక్కన కూర్చుని, దిగాల్సిన చోటు దాటిపోయినా పర్వాలేదనుకుని ఊరు చూశాను. మెట్రో ఎక్కితే మా స్టేషన్ తర్వాతిది సర్ విశ్వేశ్వరయ్య పేరు మీద ఉన్న మోతీబాగ్. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాపాడే పనిలో దిగిన ఇంజినీరని రోహతక్‌కు అదీ చెప్పాను. ఆ తర్వాత భికాజీ కామా ప్లేస్, సరోజినీ నగర్, ఐఎన్ఏ. సరోజినీలో బట్టలు బేరమాడటం రోహతక్ పని. ఐఎన్ఏలో కరివేపాకు, కొబ్బరి, చేపలు ఎంచడం పాలక్కాడ్ పని. కొట్టాయనతో మలయాళంలో మొదలుపెట్టిందంటే ఇక మేం సంచులు పట్టుకుని నిలబడాల్సిందే.

చలికాలం ఆదివారాలు లోదీ గార్డెన్‌కు పోతాం. ఎండ కోసం ఎదురుచూడటం, ఎండ వెంట జరుగుతూ చాప లాక్కోవడం నేను ఇక్కడే నేర్చుకున్నాను. సుల్తాన్ల కాలం నాటి సమాధుల ముందు గడ్డి మీద పడుకుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, గజక్ కొరుక్కుంటూ, పాఠాల పుస్తకం మొహం మీద కప్పుకుని... ఈ సుఖం మా ఊళ్లో ఫోన్‌లో చెబితే అర్థం కాదు. అమ్మ మాత్రం “ఎండలో తిరక్కు” అనే అంటుంది.

ఆదివారం మధ్యాహ్నాలు వరంగల్ అక్కవి. “చెల్లే, లేవ్వే, ఐతారం బిర్యానీకి పోదాం” అని తలుపు కొడుతుంది. అశోకా రోడ్డులో ఆంధ్రాభవన్ క్యాంటీన్. టోకెన్ తీసుకుని, తింటున్నవాళ్ల వెనక కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకోవాలి. మామూలు రోజుల్లో భోజనం: పప్పు, వేపుడు, సాంబారు, పొడి, నెయ్యి, పచ్చడి, పెరుగు, ఎంత అడిగితే అంత. ఆఫీసర్లు, డ్రైవర్లు, విద్యార్థులు, తెలుగు ముక్క రాని ఢిల్లీవాళ్లు ఒకే బల్ల మీద. వడ్డించేవాళ్లు తెలుగులో “ఇంకొంచెం వెయ్యనా?” అన్నప్పుడు గొంతుకు ఏదో అడ్డం పడుతుంది. రోహతక్ మొదటిసారి వచ్చినప్పుడు చెంచా వెతుక్కుంది. ఇప్పుడు పొడిలో నెయ్యి గుంట చేసి వేళ్లతో కలిపే పద్ధతి చూస్తే మా అమ్మమ్మ మెచ్చుకుంటుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం 2025 ఉగాది. మార్చి 30, ఆదివారం. మూడో ఏడాది చివరికొచ్చాం. కొత్త పద్ధతిలో మా బ్యాచ్‌కు మూడేళ్లకే డిగ్రీ పట్టుకుని వెళ్లే వీలుంది, నాలుగో ఏడు ఉండే వీలూ ఉంది. పాలక్కాడ్ వెళ్లిపోతానంది. కలిసి చేసుకునే పండగ ఇక ఉండదేమోనని పట్టుబట్టి పచ్చడి చేద్దామన్నాను. చింతపండు అమ్మ పంపింది ఉంది. బెల్లం రోహతక్ వాళ్ల ఊరిది, చెరకు వాసన ఇంకా పోనిది. మామిడికాయ ఐఎన్ఏలో దొరికింది. వేపపువ్వే లేదు. పొద్దున్నే మోతీబాగ్ క్వార్టర్ల వైపు పోయి చూస్తే వేపచెట్లన్నీ ఆకు రాల్చి రాగిరంగు చిగుళ్లు వేసి ఉన్నాయి. పూతకు ఇంకా టైముంది. మన దగ్గర ఉగాదికి రాలిన పువ్వు ముంగిట్లో ఊడ్చుకుంటాం. ఇక్కడి చెట్టుకు మన పంచాంగం తెలియదు. చివరికి పాలక్కాడే ఐఎన్ఏకు మళ్లీ పరుగెత్తి ఎండు వేపపువ్వు పొట్లం తెచ్చింది.

పచ్చడి కూడా రెండు గిన్నెల్లో చేయాల్సొచ్చింది. వరంగల్ అక్క వాళ్లింట్లో పలచగా కలిపి గ్లాసుల్లో పోసుకు తాగుతారు. మా ఇంట్లో అరచేతిలో పెడితే జారని పచ్చడి. ఇద్దరం తగ్గలేదు. రోహతక్ చేదు తగలగానే మొహం ముడిచింది గానీ, తేజ్‌పూర్ రెండోసారి అడిగి పెట్టించుకుంది. అస్సాంలో అన్నంలో చేదు కూర తినడం అలవాటే. బొహాగ్ బిహూకు నూటొక్క రకాల ఆకులు కలిపి వండే ఆనవాయితీ కూడా ఉందట. నీ కొత్త సంవత్సరం ఎప్పుడంటే ఎప్పుడని లెక్కేసుకుంటే, ఏప్రిల్ మధ్యలో తేజ్‌పూర్‌కు బిహూ, పాలక్కాడ్‌కు విషు, రోహతక్‌కు వైశాఖీ. పక్షం రోజుల్లో ఒకే గదిలో నాలుగు కొత్త సంవత్సరాలు.

అయితే విషు నాడు పాలక్కాడ్ డీలాపడింది. ఆ తెల్లవారుజామున కళ్లు తెరిచి మొట్టమొదట చూడాల్సిన కణిలో రేలపువ్వు ఉండాలి. వాళ్లు కొన్న అంటారు, ఇక్కడ అమల్తాస్. కేరళలో విషుకు విరగబూసే ఆ చెట్టు ఢిల్లీలో ఏప్రిల్ సగానికి ఎండుకాయలు వేలాడేసుకుని నిలబడి ఉంటుంది. నా వేపకు ఎండు పొట్లమైనా దొరికింది. తనకు అదీ లేదు. పండగ వద్దని ముసుగుపెట్టి పడుకుంది.

మే నెల చివర, పరీక్షలు ముగిసే రోజుల్లో, వడగాలి మొహాన కొడుతుండగా అమల్తాస్ పూసింది. లోదీ గార్డెన్ పక్కనుండే అమృతా షేర్‌గిల్ మార్గ్‌లో ఆ చెట్లు వరసగా ఉంటాయి. తెల్లవారకముందే నేనూ, తేజ్‌పూర్, వరంగల్ అక్కా ఆటోలో పోయాం. రోడ్డంతా పసుపు. రాలిన గుత్తులు చున్నీలో ఏరుకొచ్చి, మా గదిలో స్టీలు పళ్లెంలో బియ్యం పోసి, దోసకాయ, మామిడిపండు, చేతి అద్దం, కృష్ణుడి బొమ్మ, వాటి మీద రేలపూలు పెట్టాం. పాలక్కాడ్ పెట్టెలు అప్పటికే గుమ్మం పక్కన సర్ది ఉన్నాయి. రోహతక్ తనను లేపి, కళ్లు మూసి, “మెట్టుంది, జాగ్రత్త” అని చెబుతూ నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది.

చేతులు తీసినా పాలక్కాడ్ చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచాక ఏమీ అనలేదు. పెద్దవాళ్లు పిల్లలకు నాణెం ఇవ్వాలి విషుకు. మాలో పెద్దది వరంగల్ అక్క. అయినా పాలక్కాడే లేచి, బ్యాగులో వెతికి, అందరి చేతుల్లో తలా ఒక పది రూపాయల బిళ్ల పెట్టింది. నా బిళ్ల మెట్రో కార్డు వెనక ఉంది. దుర్గాబాయి స్టేషన్‌లో గేటు దగ్గర కార్డు తీసినప్పుడల్లా వేలికి తగులుతుంది.